ఒకే విశ్వాసం, అనేక సంఘాలు: సిద్ధాంత భేదాల నడుమ క్రైస్తవ ఐక్యత

ప్రశ్న స్వరూపం

విడిపోయిన క్రైస్తవ సంఘాలు మళ్లీ ఒకటి కావాలా అన్న ప్రశ్న పైకి పాలనా వ్యవహారంగా కనిపించినా, దాని మూలం క్రైస్తవ విశ్వాసంలోనే ఉంది. యోహాను సువార్త పదిహేడవ అధ్యాయంలో, సిలువకు ముందటి రాత్రి చేసిన ప్రార్థనలో, తనను నమ్మేవారందరూ ఏకమై ఉండాలనీ, ఆ ఏకత్వాన్ని చూసి లోకం విశ్వసించాలనీ యేసు కోరుకున్నట్లు ఉంది. ఐక్యతను కోరేవారికి ఇదే ప్రధానమైన ఆధారం. గలతీయులకు రాసిన లేఖ మొదటి అధ్యాయంలో, వేరొక సువార్తను ప్రకటించేవాడు పరలోకం నుండి దిగివచ్చిన దూత అయినా శాపగ్రస్తుడేనని పౌలు హెచ్చరించాడు. సత్యం విషయంలో రాజీ కూడదనేవారికి ఇది ఆధారం. రెండు ఆదేశాలూ ఒకే గ్రంథంలో ఉన్నందువల్ల ఏ పక్షమూ ఎదుటి పక్షాన్ని లేఖన విరుద్ధమని తేలికగా తోసిపుచ్చలేకపోయింది.

ఐక్యత అంటే ఏ రకమైన ఐక్యత అన్నది ముందుగా తేల్చుకోకపోతే చర్చ దారి తప్పుతుంది. ఆధునిక కాలంలో మూడు పద్ధతులు ఆచరణలోకి వచ్చాయి. మొదటిది విలీనం, అంటే వేరువేరు సంఘాలు తమ పూర్వపు పేర్లనూ పాలనా వ్యవస్థలనూ వదలి ఒకే రాజ్యాంగం కింద ఒకే సంఘంగా ఏర్పడటం. రెండవది పరస్పర గుర్తింపు; ఇందులో సంఘాలు విడివిడిగానే కొనసాగుతూ, ఒకరి బాప్తిస్మాన్ని, ప్రభువు బల్లను (ప్రభు భోజన సంస్కారాన్ని), గురువుల అభిషేకాన్ని మరొకరు చెల్లేవిగా ఒప్పుకుంటారు. వేదాంతులు దీనిని పూర్ణ సహవాసం అంటారు. మూడవది సమాఖ్య, ఇందులో సిద్ధాంతాల జోలికి పోకుండా విద్య, వైద్యం, కరువు సహాయం, పౌరహక్కుల వంటి పనులలో మాత్రం కలిసి నడుస్తారు. ఐక్యతకు అనుకూలంగానో ప్రతికూలంగానో వచ్చిన వాదాలలో చాలా భాగం ఈ మూడింటిలో ఒకదానిని మనసులో పెట్టుకొని చేసినవే కాబట్టి, ఏ వాదం దేనికి వర్తిస్తుందో గమనిస్తూ ముందుకు సాగాలి.

భేదాలన్నీ ఒక్క తీరువి కావు

సంఘాల మధ్య చీలికలు మూడు పెద్ద ఘట్టాలలో వచ్చాయి. క్రీస్తులోని దైవత్వ మానవత్వాలను ఎలా చెప్పాలన్న విషయంపై 451లో కాల్సిడోన్ సభ చేసిన నిర్ణయాన్ని ఐగుప్తు, సిరియా ప్రాంతాల సంఘాలలో పెద్ద భాగం అంగీకరించలేదు. పరిశుద్ధాత్మ తండ్రి నుండి మాత్రమే బయలుదేరునా, కుమారుని నుండి కూడానా అన్న వాదమూ, రోము పోపు అధికారం ఎంతవరకు అన్న వాదమూ ముదిరి, 1054లో రోము, కాన్‌స్టాంటినోపుల్ ప్రతినిధులు ఒకరినొకరు బహిష్కరించుకున్నారు. పదహారవ శతాబ్దంలో మార్టిన్ లూథర్‌తో మొదలైన సంస్కరణ పాశ్చాత్య సంఘాన్ని రోమన్ కాథలిక్కులుగా, ప్రొటెస్టెంట్లుగా చీల్చింది. ప్రొటెస్టెంట్లు తమలో తాము లూథరన్, రిఫార్మ్‌డ్, ఆంగ్లికన్, బాప్టిస్టు శాఖలుగా విడిపోగా, పద్దెనిమిదవ శతాబ్దంలో వీటికి మెథడిస్టు శాఖ తోడైంది.

ఈ భేదాలను విషయాన్ని బట్టి నాలుగు తరగతులుగా విడదీయవచ్చు. మొదటి తరగతి క్రీస్తు ఎవరు, దేవుడు త్రిత్వమా అన్నది. రెండవది మనిషి దేవుని ఎదుట నీతిమంతుడుగా ఎలా తీర్చబడతాడన్నది. మూడవది బాప్తిస్మం, ప్రభు రాత్రి భోజనం అనే సంస్కారాలను ఎవరికి, ఎలా ఇవ్వాలన్నది. నాలుగవది ఆ సంస్కారాలను ఇచ్చే అధికారం ఎవరిది, సంఘాన్ని బిషప్పు పాలించాలా, పెద్దల సభ పాలించాలా, స్థానిక విశ్వాసులే పాలించుకోవాలా అన్నది. గమనించవలసిన విషయమేమిటంటే, ఈ తరగతులలో అతి ముఖ్యమైన మొదటిదానిలోనే విభేదం అన్నిటికన్నా తక్కువ. తూర్పు ఆర్థడాక్స్, కాథలిక్, లూథరన్, ఆంగ్లికన్ సంఘాలన్నీ నైసియా విశ్వాస ప్రమాణాన్ని చెప్పుకుంటాయి. విశ్వాస ప్రమాణాలను ఆరాధనలో చదవని బాప్టిస్టులలో కూడా అధిక సంఖ్యాకులు దాని సారాన్ని నమ్ముతారు. కాల్సిడోన్ వివాదంపై కూడా 1973లో రోము పోపు ఆరవ పౌలు, ఐగుప్తు కాప్టిక్ సంఘాధిపతి మూడవ షెనూడా క్రీస్తు స్వరూపం గురించి ఉమ్మడి ప్రకటన చేయగలిగారు. సంఘాలు ఒక బల్ల దగ్గర కూర్చోలేకపోవడానికి కారణం చాలాసార్లు మూడవ, నాలుగవ తరగతులలోనే కనిపిస్తుంది.

1529లో జర్మనీలోని మార్బర్గ్‌లో జరిగిన చర్చ దీనికి స్పష్టమైన దృష్టాంతం. లూథర్, స్విట్జర్లాండు సంస్కర్త స్వింగ్లీ, వారి సహచరులు పదిహేను అంశాలపై మాట్లాడుకొని పద్నాలుగింటిలో ఏకాభిప్రాయానికి వచ్చారు. పదిహేనవదైన ప్రభు భోజనంలో కూడా చాలా భాగంపై ఒప్పుకున్నారు కాని, క్రీస్తు శరీర రక్తాలు రొట్టెలో, ద్రాక్షారసంలో వాస్తవంగా ఉన్నాయని లూథర్, అవి జ్ఞాపకార్థమైన గుర్తులని స్వింగ్లీ పట్టుబట్టడంతో ఒకరినొకరు సహోదర సంఘాలుగా స్వీకరించకుండానే విడిపోయారు. ఐరోపాలోని లూథరన్, రిఫార్మ్‌డ్ సంఘాలు ఒకరి బల్లను మరొకరు గుర్తిస్తూ లోయెన్‌బెర్గ్ ఒప్పందం చేసుకున్నది 1973లో. ఒక అంశంలోని ఒక భాగం కోసం 444 ఏళ్లు గడిచాయి.

రాజీ కూడదనేవారి వాదం

ఐక్యతకు అడ్డు చెప్పేవారందరినీ మొండివారుగా, సంకుచితులుగా చిత్రించడం ఐక్యతావాద రచనలలో తరచుగా కనిపించే దోషం. వారి వాదానికి చరిత్రలో బలమైన ఆధారాలున్నాయి. 1439లో ఫ్లోరెన్స్ సభలో తూర్పు, పడమటి సంఘాలు కలిసినట్లు పత్రం రాసుకున్నాయి. తురుష్కుల దాడి నుండి కాన్‌స్టాంటినోపుల్‌ను కాపాడుకోవడానికి పడమటి రాజుల సైన్యం కావలసివచ్చిన బైజాంటియన్ చక్రవర్తి ఎనిమిదవ జాన్ ఆ సంధికి మూలపురుషుడు. సంతకం చేయడానికి నిరాకరించిన ఎఫెసు మెట్రోపాలిటన్ మార్క్ స్వదేశంలో వీరుడయ్యాడు. ప్రజలు, సన్యాసులు ఆ ఐక్యతను అంగీకరించలేదు, ఆశించిన సైన్యమూ సరిపడా రాలేదు, 1453లో నగరం పడిపోయింది. అవసరం కొద్దీ పైవారు కుదుర్చుకొని కిందివారిపై మోపిన ఐక్యత నిలవదని చెప్పేవారికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

రెండవ అభ్యంతరం సిద్ధాంత సంబంధమైనది. 1928లో పోపు పదకొండవ పయస్ తన లేఖలో, సత్యాన్ని బేరానికి పెట్టి సంఘాలు ఏకం కాలేవనీ, ఐక్యత అంటే విడిపోయినవారు రోముకు తిరిగి రావడమేననీ స్పష్టం చేశాడు. బాప్టిస్టుల స్థితి ఇంకొక విధంగా కఠినమైనది. తానే విశ్వసించి, ఆ విశ్వాసాన్ని ఒప్పుకొని, నీటిలో మునిగినవానిదే బాప్తిస్మం అన్నది వారి నమ్మకం కాబట్టి, పసిబిడ్డపై నీళ్లు చిలకరించడం వారి దృష్టిలో లోపమున్న బాప్తిస్మం కూడా కాదు, అసలు బాప్తిస్మమే కాదు. దానిని చెల్లేదిగా ఒప్పుకోమనడం వారిని తమ సంఘానికి ఉనికినిచ్చిన నమ్మకాన్ని వదులుకోమనడమే.

మూడవ అభ్యంతరం సూత్రీకరణల నిజాయితీ గురించినది. దక్షిణ భారత సంఘాల ఐక్యతా ప్రణాళిక చర్చలో ఉన్న కాలంలో, ఆంగ్లికన్ విశ్వాసి, ప్రఖ్యాత కవి టి.ఎస్. ఎలియట్ 1943లో దానిని విమర్శిస్తూ చిన్న పుస్తకం ప్రచురించాడు. అటువంటి కలయిక వినాశనానికి దారి తీస్తుందన్న అభిప్రాయం దాని పేరులోనే వ్యక్తమైంది. ఒకే వాక్యాన్ని ఎవరికి వారు తమకు అనుకూలంగా చదువుకునే వీలుంటే, ఆ వాక్యంపై చేసిన సంతకం ఐక్యతకు గుర్తు కాదనీ, వాయిదా వేసిన తగవుకు గుర్తనీ ఈ రకపు విమర్శకుల భావన. ఇది తీసివేయదగిన మాట కాదు. ఐక్యతా పత్రాలలో అస్పష్టత ఉద్దేశపూర్వకంగానే చోటు చేసుకున్న సందర్భాలున్నాయి.

ఐక్యతావాదుల వాదం

ఐక్యతావాదానికి ఆధునిక రూపాన్నిచ్చినది మిషన్ క్షేత్రం. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ సమావేశంలో, ఆసియా, ఆఫ్రికా ఖండాలకు సువార్తతో పాటు ఐరోపా తగవులను కూడా ఎగుమతి చేస్తున్నామన్న స్పృహ బలపడింది. ఆ స్పృహలో నుండి 1925లో స్టాక్‌హోంలో సామాజిక సేవ దృష్టితో ఒక సమావేశం, 1927లో లోసాన్‌లో విశ్వాస, పాలనా విషయాల దృష్టితో మరొక సమావేశం జరిగాయి. ఆ రెండు ధారలూ కలిసి 1948లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రపంచ సంఘాల మండలిగా రూపుదాల్చాయి. ఆ మండలి 1961లో న్యూఢిల్లీలో సమావేశమై, ప్రతి స్థలంలోనూ క్రీస్తులో బాప్తిస్మం పొందినవారందరూ ఒకే సహవాసంగా కనబడటమే తాము కోరే ఐక్యత అని నిర్వచించింది. స్థలాన్ని ఆధారం చేసుకున్న ఈ నిర్వచనం తెలుగునాటి పరిస్థితిని అర్థం చేసుకోవడానికి కూడా అక్కరకు వస్తుంది.

రోమన్ కాథలిక్ సంఘం కూడా 1928 నాటి చోటనే ఆగిపోలేదు. రెండవ వాటికన్ సభ 1964 నవంబరు 21న వెలువరించిన ఐక్యతా శాసనంలో, సత్యాలన్నీ విశ్వాసపు పునాదితో ఒకే దూరంలో ఉండవనీ, వాటిలో ఒక శ్రేణి ఉందనీ పేర్కొంది. మరుసటి సంవత్సరం డిసెంబరులో రోము పోపు ఆరవ పౌలు, కాన్‌స్టాంటినోపుల్ పాట్రియార్కు అథెనగోరస్ 1054 నాటి బహిష్కరణలను జ్ఞాపకంలో నుండి తొలగిస్తున్నట్లు ప్రకటించారు. 1999 అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్య, రోమన్ కాథలిక్ సంఘం, నీతిమంతులుగా తీర్చబడుట అనే సిద్ధాంతంపై ఉమ్మడి ప్రకటన చేశాయి. 2006లో మెథడిస్టులు, 2017లో రిఫార్మ్‌డ్ సంఘాలు దానితో కలిశాయి.

ఈ ప్రకటనలో అనుసరించిన పద్ధతి ఫలితమంత ముఖ్యమైనది. ఏ పక్షమూ తన పూర్వపు బోధను వెనక్కు తీసుకోలేదు. పదహారవ శతాబ్దంలో ఒకరిపై మరొకరు పలికిన శాపవచనాలు నేడు ఎదుటివారు బోధిస్తున్న బోధకు తగులుతాయా లేదా అన్నది మాత్రమే పరిశీలించి, మూల సత్యంలో ఏకీభావం ఉందనీ, మిగిలిన తేడాలు వక్కాణింపులో తేడాలనీ, అవి సహవాసాన్ని విడగొట్టనక్కరలేదనీ తేల్చారు. అయితే అంత జరిగినా లూథరన్లు, కాథలిక్కులు నేటికీ ఒకే బల్ల దగ్గర అధికారికంగా ప్రభు భోజనం తీసుకోలేకపోతున్నారు. దానికి అడ్డుగా ఉన్నది గురువుల అభిషేకం, సంఘ స్వరూపం గురించిన భేదం. సంస్కరణకు కేంద్రమైన సిద్ధాంతంపై ఒప్పందం కుదిరినా బల్ల ఒకటి కాలేదంటే, నాలుగవ తరగతి ఎంత మొండిదో తెలుస్తుంది. ఆ నాలుగవ తరగతినే నేరుగా ఎదుర్కొన్న ప్రయోగం దక్షిణ భారతంలో జరిగింది.

దక్షిణ ఇండియా సంఘం: దగ్గర నుండి

తెలుగు క్రైస్తవులు శాఖలుగా విడిపోయినది సిద్ధాంతాలను తూచి చూసుకొని కాదు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ విశాఖపట్నంలో పని మొదలుపెట్టింది. 1841లో ఆంగ్లికన్ మిషనరీలు మచిలీపట్నానికి, 1842లో లూథరన్ మిషనరీ హేయర్ గుంటూరుకు వచ్చారు. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాలు అమెరికన్ బాప్టిస్టులవి. కాకినాడ నుండి ఉత్తరానికి కెనడా బాప్టిస్టులవి. మెదక్ ప్రాంతం వెస్లియన్ మెథడిస్టులది. పాలమూరు మెన్నొనైట్ బ్రదరన్ వారిది. ఒకరి క్షేత్రంలో మరొకరు అడుగుపెట్టకూడదని మిషన్లు చేసుకున్న ఒప్పందం పోటీని తగ్గించింది కాని, దాని వల్ల ఒక కుటుంబం ఏ శాఖలో ఉంటుందన్నది ఊరి పొలిమేరలను బట్టి నిర్ణయమైంది. మచిలీపట్నం ఆంగ్లికన్ కృష్ణ దాటి గుంటూరులో స్థిరపడితే లూథరన్ల మధ్య పరాయివాడు. ఒంగోలు చేరితే, పసితనంలో పొందిన బాప్తిస్మం అక్కడి సంఘం దృష్టిలో లెక్కకు రాదు.

ఈ పరిస్థితికి విరుగుడు వెతికినవారిలో ముఖ్యుడు వేదనాయకం శామ్యూల్ అజరయ్య. తిరునల్వేలి ప్రాంతానికి చెందిన ఆయన 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పుగా దోర్నకల్ డయోసీస్‌ను, అంటే బిషప్పు ఏలుబడిలోని మండలాన్ని, చేపట్టాడు. 1919 మే నెలలో తరంగంబాడిలో ఆయన చొరవతో సమావేశమైన గురువులు ఐక్యతకు పిలుపునిస్తూ ఒక ప్రకటన చేశారు. 1888లో ఆంగ్లికన్ బిషప్పుల లాంబెత్ సమావేశం ఆమోదించిన నాలుగు అంశాలు వారికి పునాది: పరిశుద్ధ గ్రంథం, అపొస్తలుల, నైసియా విశ్వాస ప్రమాణాలు, బాప్తిస్మం, ప్రభు భోజనం అనే రెండు సంస్కారాలు, స్థానిక పరిస్థితికి అనువుగా మలచుకున్న చారిత్రక బిషప్పుల వ్యవస్థ. చివరి అంశం మీదనే ఇరవై ఎనిమిదేళ్లు చర్చ నడిచింది.

చిక్కు ఎక్కడ ఉందంటే, అపొస్తలుల నుండి తెగకుండా వచ్చిన బిషప్పుల వరుసలోనివారు చేతులుంచి అభిషేకించినవాడే గురువు అని ఆంగ్లికన్లలో ఒక వర్గం నమ్మింది. కాంగ్రిగేషనల్, ప్రెస్బిటేరియన్ శాఖలు 1908లోనే కలిసి దక్షిణ ఇండియా ఐక్య సంఘంగా ఏర్పడ్డాయి. వారికి బిషప్పులే లేరు. మెథడిస్టులకు బ్రిటిషు సంప్రదాయం ప్రకారం బిషప్పులు లేరు. వీరి గురువులపై బిషప్పులు మళ్లీ చేతులుంచితే, ఇంతకాలం వారిచ్చిన ప్రభు భోజనం చెల్లనట్లు ఒప్పుకున్నట్లవుతుంది. ఉంచకపోతే ఆంగ్లికన్ మనస్సాక్షి ఊరుకోదు. చివరకు కుదిరిన పరిష్కారం ఇది: మూడు సంఘాలలోని అప్పటి గురువులందరూ, తిరిగి అభిషేకం లేకుండానే, కొత్త సంఘంలో గురువులు, ఆ నాటి నుండి జరిగే అభిషేకాలన్నీ బిషప్పుల చేతుల మీదుగా జరగాలి, బిషప్పు పదవికి ఎవరు ఏ వేదాంతార్థం చెప్పుకున్నా అభ్యంతరం లేదు, ఏ స్థానిక సంఘంపైనా దాని మనస్సాక్షికి వ్యతిరేకంగా ఆరాధనా పద్ధతిని గాని గురువును గాని రుద్దకూడదన్నది అందరూ చేసిన ప్రతిజ్ఞ. ఈ మధ్యంతర ఏర్పాటుకు ముప్పై ఏళ్ల గడువు పెట్టుకున్నారు.

అజరయ్య 1945 జనవరి 1న మరణించాడు. ఆంగ్లికన్ సర్వసభ ప్రణాళికను ఆమోదించినది అదే నెలలో. స్వాతంత్ర్యం వచ్చిన ఆరు వారాలకు, 1947 సెప్టెంబరు 27న, మద్రాసు సెయింట్ జార్జి కెథడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం అవతరించింది. పధ్నాలుగు డయోసీసులకు పధ్నాలుగు మంది బిషప్పులు. వారిలో తొమ్మండుగురు ఆ రోజున కొత్తగా అభిషేకం పొందినవారు. బిషప్పుల వ్యవస్థ ఉన్న సంఘమూ, లేని సంఘాలూ ఒకటైన తొలి ఉదాహరణగా ప్రపంచ క్రైస్తవ లోకం దానిని చూసింది.

మూల్యం చెల్లించక తప్పలేదు. 1948 లాంబెత్ సమావేశంలో కొత్త సంఘపు అభిషేకాల విషయంలో బిషప్పుల అభిప్రాయాలు చీలిపోయాయి. ఇంగ్లండు సంఘం పరిమితమైన గుర్తింపు ఇచ్చినది 1955లో. బిషప్పుల వరుసకు పెద్దపీట వేసే ఉన్నత ఆంగ్లికన్ సంప్రదాయం బలంగా ఉన్న నంద్యాల ప్రాంతంలో చాలామంది విలీనంలో చేరక వెలుపలే ఉండిపోయి, 1975లో గాని కలవలేదు. బిషప్పు పదవి పవిత్రతకు భంగం కలుగుతుందని దూరంగా ఉండిన ఆ నంద్యాలకే 2013 సెప్టెంబరులో ఇ. పుష్పలలిత బిషప్పు కావడం, ఆమె దక్షిణ ఇండియా సంఘంలో తొలి మహిళా బిషప్పు కావడం చరిత్ర తిప్పిన మలుపు. ఇరవై ఎనిమిదేళ్ల చర్చల్లో తెగని వివాదం, కలిసి బతికిన ముప్పై ఏళ్లలో చాలావరకు సద్దుమణిగింది; 1977 నాటికి పాత తరం గురువులలో చాలామంది పదవుల నుండి తప్పుకున్నారు, కొత్త తరమంతా బిషప్పుల అభిషేకం పొందినదే.

కలయిక ఇచ్చిన ఫలం కూడా కంటికి కనిపించేదే. 1950లో ఈ సంఘం రూపొందించుకున్న ప్రభు భోజన ఆరాధనా క్రమంలో గురువు బల్ల వెనుక నిలిచి ప్రజల వైపు తిరుగుతాడు. భోజనానికి ముందు సిరియన్ సంప్రదాయం నుండి తీసుకున్న సమాధానపు పలకరింపు బల్ల దగ్గర నుండి చేతిలో నుండి చేతిలోకి, వరుస వెంట వరుసగా, చివరి చాప మీద కూర్చున్నవారి దాకా సాగుతుంది. ఏ ఒక్క పూర్వశాఖకూ చెందని ఈ క్రమం ఇతర దేశాల సంఘాల ఆరాధనా సంస్కరణలను కూడా ప్రభావితం చేసింది.

వెలుపల నిలిచినవారు

విలీనం తెలుగు ప్రొటెస్టెంట్లలో ఒక భాగాన్నే కలిపింది. లూథరన్లు, బాప్టిస్టులు, అమెరికన్ మెథడిస్టు సంప్రదాయంవారు బయట ఉన్నారు. లూథరన్లతో దక్షిణ ఇండియా సంఘం జరిపిన చర్చలలో ధర్మశాస్త్రం, సువార్త, దేవుని ఏర్పాటు, ప్రభు భోజనం, పరిచర్య వంటి అంశాలపై 1950ల చివరికే ఉమ్మడి ప్రకటనలు సిద్ధమయ్యాయి. సిద్ధాంతపరంగా విడిగా ఉండవలసిన అవసరం లేదన్న స్థితి వచ్చినా విలీనం జరగలేదు. అంటే సిద్ధాంతం తీరిపోయాక కూడా సంఘాలు విడిగా ఉండగలవు; పేరు, ఆస్తి, పదవి, విదేశీ సంబంధాలు, జ్ఞాపకాలు సిద్ధాంతానికి తీసిపోని బలంతో మనుషులను పట్టి ఉంచుతాయి.

బాప్టిస్టుల చిక్కుకు ఉత్తర భారతంలో ఒక దారి దొరికింది. 1970 నవంబరు 29న నాగపూరులో ఏర్పడిన ఉత్తర ఇండియా సంఘంలో చేరిన ఆరు శాఖలలో బాప్టిస్టులు కూడా ఉన్నారు. శిశు బాప్తిస్మం, విశ్వాసి బాప్తిస్మం రెండింటినీ సమాన ప్రత్యామ్నాయాలుగా ఆ సంఘం స్వీకరించింది. బిడ్డను బాప్తిస్మానికి తేవాలో, ప్రతిష్ఠ మాత్రం చేయించి పెద్దయ్యేదాకా ఆగాలో తల్లిదండ్రుల ఇష్టం. గురువుల విషయంలో దక్షిణాది పద్ధతిని కాక, అన్ని శాఖల ప్రతినిధులూ ఆరంభంలోనే పరస్పరం చేతులుంచుకొనే పద్ధతిని ఎంచుకున్నారు. అదే నెలలో ఏర్పడిన పాకిస్తాన్ సంఘంలో లూథరన్లు కూడా చేరారు. దక్షిణాన కలవనివారు మరొకచోట కలవగలిగారంటే, అడ్డంకి సిద్ధాంతంలో ఎంత, స్థానిక పరిస్థితిలో ఎంత అన్నది విడదీసి చూడక తప్పదు.

తెలుగునాట ఐక్యత మరొక రూపంలో, పెద్దగా ప్రకటన లేకుండా, కొనసాగుతూ వచ్చింది. లూథరన్, బాప్టిస్టు, మెథడిస్టు, దక్షిణ ఇండియా సంఘాలు కలిసి 1964లో రాజమండ్రిలో ప్రారంభించి, తరువాత హైదరాబాదుకు తరలించిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలలో ఈ శాఖల గురువులు ఒకే తరగతి గదిలో చదువుకున్నారు. పురుషోత్తమ చౌధరి వంటి వారి పాటలున్న ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు శాఖాభేదం లేకుండా అన్ని గుడులలో వినిపిస్తాయి. చదివే తెలుగు బైబిలు అనువాదమూ ఎక్కువ శాఖలకు ఒకటే. ఒకే పాట, ఒకే గ్రంథం, ఒకే బడి ఉన్నవారికి ఒకే బల్ల లేకపోవడం ఈ ప్రశ్నలోని అసంగతత్వాన్ని ఎత్తి చూపుతుంది.

విలీనం తీర్చలేని సమస్యలు

విలీనం సకల రోగాలకూ మందు అని చెప్పడం చరిత్రకు విరుద్ధం. 1925లో కెనడా ఐక్య సంఘం ఏర్పడినప్పుడు ప్రెస్బిటేరియన్లలో దాదాపు మూడవ వంతు బయటే ఉండిపోయారు. రెండింటిని ఒకటి చేయబోతే కొన్నిసార్లు మూడు మిగులుతాయి. తెలుగు ప్రాంతాలలో కులం శాఖాభేదం కన్నా లోతైన గీత. ఒంగోలు ప్రాంతపు బాప్టిస్టు ఉద్యమం యర్రగుంట్ల పేరయ్య వంటి మాదిగ పెద్దల బంధుత్వాల వెంట పల్లెపల్లెకూ పాకింది. గుంటూరు ప్రాంతపు లూథరన్లలో మాలలు అధికం. బిషప్పు చేతులుంచడం గురించి వేదాంతులు సంవత్సరాల తరబడి చర్చించారు గాని, మాలపల్లె గుడి, మాదిగపల్లె గుడి ఒకే శాఖలో ఉండి కూడా వేరుగా ఉండటం గురించి ఆ స్థాయిలో చర్చ జరగలేదు. విలీన సంఘాలలోనూ, విలీనం కాని సంఘాలలోనూ బిషప్పుల ఎన్నికలు, ఆస్తుల నిర్వహణ కోర్టులకెక్కిన సందర్భాలు తక్కువేమీ కాదు. పెద్ద సంఘమంటే పెద్ద ఆస్తి, పెద్ద పదవి అని కూడా అర్థం కావడం దీనికి ఒక కారణం.

ఇంకొక వైపు నుండి చూస్తే, శాఖల పేర్లనే తిరస్కరించిన స్వతంత్ర ఉద్యమాలు తెలుగు క్రైస్తవ చిత్రాన్ని మార్చివేశాయి. భక్తసింగ్ హైదరాబాదులో స్థాపించిన హెబ్రోను సహవాసం, పెంతెకొస్తు సంఘాలు, ఊరూరా వెలసిన స్వతంత్ర ప్రార్థనా మందిరాలు ఐక్యతా చర్చల బల్ల దగ్గర లేవు. శాఖలు అక్కరలేదన్న వాదంతో మొదలైనవి కూడా కాలక్రమంలో కొత్త శాఖలుగానే స్థిరపడటం గమనార్హం. వీరినీ కలుపుకోకుండా పాత శాఖలు తమలో తాము కుదుర్చుకొనే ఐక్యత నేటి విశ్వాసులలో కొందరికే సంబంధించినదవుతుంది. రోమన్ కాథలిక్కులు సహా పలు సంఘాలు కలిసి పనిచేస్తున్న తెలుగు సంఘాల సమాఖ్య ఈ లోటును కొంత పూరిస్తున్నా, అది ఉమ్మడి కార్యాచరణకు వేదికే గాని బల్లను పంచుకొనే సహవాసం కాదు.

తేలిన విషయం

ఈ చరిత్రను కలిపి చూసినప్పుడు కొన్ని నిర్ణయాలు చేయవచ్చు. క్రీస్తు ఎవరన్న ప్రశ్నలో ఏకీభావం లేకుండా సంఘాలు ఒకటి కావడం సాధ్యం కాదు, కావడం సరి కూడా కాదు. ఆ విషయంలో రాజీ కూడదనేవారి మాటే నిలుస్తుంది. కాని ప్రధాన శాఖల మధ్య నేడున్న భేదాలలో అధిక భాగం ఆ తరగతికి చెందినవి కావు. రక్షణ సిద్ధాంతంపై పరస్పర శాపాలు తొలగించుకొనే పద్ధతి 1999లో దొరికింది. బిషప్పుల ప్రశ్నకు సమాధానం వాదనలోనే వెతకనక్కరలేదనీ, ఒకే సంఘంలో కలిసి జీవించడం ద్వారా కూడా అది దొరుకుతుందనీ దక్షిణ ఇండియా సంఘం చూపింది. బాప్తిస్మ భేదంతోనే ఒకే సంఘంలో ఉండవచ్చునని నాగపూరులో ఏర్పడిన ఉత్తర ఇండియా సంఘం నిరూపించింది. సిద్ధాంత భేదాలు ఉండగానే సంఘాలు కలవవచ్చునన్నది ఇప్పుడు ఊహ కాదు, అనుభవం.

అయితే ఏ క్రమంలో కలవాలన్నది మిగిలిన ప్రశ్న. రాజ్యాంగం, ఆస్తి, పదవులతో మొదలుపెట్టిన ఐక్యత ఫ్లోరెన్స్ దారి పట్టే ప్రమాదం ఉంది. బాప్తిస్మాల పరస్పర గుర్తింపుతో మొదలుపెట్టి, బల్లను పంచుకొని, గురువులను ఒకరి సంఘానికి మరొకరు పంపుకొంటూ సాగిన ఐక్యతకు విలీనం చివరి మెట్టు కావచ్చు. ఆ మెట్టు దాకా చేరకపోయినా మొదటి మూడింటి విలువ తగ్గదు. తెలుగు సంఘాలకు సంబంధించినంతవరకు ఆ వరుసలో కులాల మధ్య బల్లను పంచుకోవడం అన్నిటికన్నా ముందు రావాలి, ఎందుకంటే పక్క పల్లెలోని సొంత శాఖ విశ్వాసితో కలిసి రొట్టె విరవలేని సంఘం వేరొక శాఖతో చేసుకునే ఒప్పందానికి అర్థం ఉండదు. ప్రతి సంవత్సరం జనవరి 18 నుండి 25 వరకు సంఘాలు జరుపుకొనే ఐక్యతా ప్రార్థనా వారంలో మాల, మాదిగ, లూథరన్, బాప్టిస్టు భేదం లేకుండా ప్రతి మండల కేంద్రంలోని సంఘ పెద్దలు ఒకచోట కూర్చొని, ఒకరి బాప్తిస్మాన్ని మరొకరు గుర్తించే విషయాన్ని మొదటి అంశంగా చర్చకు పెట్టడం, దానికి ఏ సినడు (సంఘ పాలక సభ) అనుమతి కోసమూ ఎదురుచూడకపోవడం నేడు చేయదగిన పని.